సొంత యాస దాకా



'ఆర్ఆర్ఆర్' సినిమాలో గవర్నరు భార్య మీకు గుర్తుండే ఉంటుంది. గోండు పిల్ల మల్లి పాటకు ముచ్చటపడి, సంతలో బొమ్మను కొన్నట్టు ఆ పిల్లనే తీసుకుపోయిన దొరసాని. ఆ పాత్ర వేసిన ఆలిసన్ డూడీ ఇంగ్లండు మనిషి కాదు, డబ్లిన్‌లో పుట్టిన ఐరిష్ నటి. తెర మీద ఆమె పలికిన దొరల ఇంగ్లీషు ఆమె పుట్టింటి మాట కాదు. మనలాగే ఇంగ్లండు ఏలుబడిలో, మనకంటే ఎక్కువ కాలం, నలిగిన దేశం ఐర్లండు. ఆ దేశపు నటులు సినిమాల్లో ఇంగ్లీషు దొరలుగా, దొరసానులుగా కనిపించడం కొత్త సంగతేమీ కాదు. అవకాశం కావాలంటే ముందు యాస మార్చుకోవాలి. చాలామందికి అది వృత్తిలో మొదటి మెట్టు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, ఇవాళ నేను చెప్పబోయే నటి తొలినాళ్ల కథంతా యాస చుట్టూనే తిరుగుతుంది. ఆమె పేరు సర్షా రోనన్. పదమూడేళ్ల వయసులో ఆస్కార్ నామినేషన్ అందుకున్న ఐరిష్ అమ్మాయి. ఇంగ్లండు యాస, అమెరికా యాస, స్కాట్లండు యాస, పోలండు యాస అన్నీ పలికింది. సొంత ఊరి యాసలో ఓ కథను మొదటి నుంచి చివరి దాకా తన భుజాల మీద మోసేనాటికి ఆమెకు ఇరవై నిండాయి. అప్పటిదాకా ఆమె నడిచిన దారి గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే 'సావోయిర్సే' అని చదవబుద్ధవుతుంది. నేనూ చాలాకాలం అలాగే చదివాను. పలకవలసింది 'సర్షా' అని. ఐర్లండులోనే కొన్ని చోట్ల 'సీర్షా' అంటారు, ఆమె మాత్రం తన పేరును సర్షా అనే పలుకుతుంది. ఇది ఐరిష్ భాషలోని మాట. అర్థం స్వేచ్ఛ, స్వాతంత్ర్యం. 1916లో డబ్లిన్‌లో తిరుగుబాటు, ఆ తర్వాత స్వాతంత్ర్య యుద్ధం, 1922లో స్వతంత్ర రాజ్యం. ఆ వేడిలో, 1920ల తర్వాత, ఐర్లండులో తల్లిదండ్రులు ఆడపిల్లలకు ఈ పేరు పెట్టడం మొదలుపెట్టారు. ఇది మనకు వెంటనే అర్థమయ్యే విషయం. గాంధీజీ స్వరాజ్యం పిలుపు ఊరూరా మోగిన రోజుల్లో పుట్టిన ఓ పిల్లకు మన తెలంగాణలో ఆ పేరే పెట్టారు. ఆమే తర్వాత తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం. సర్షా అన్నా, స్వరాజ్యం అన్నా ఓ తరం కోరికను పిల్ల నెత్తిన అక్షింతల్లా చల్లడమే.

అయితే స్వేచ్ఛ అనే పేరున్న ఈ పిల్ల ఐర్లండులో పుట్టలేదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1994 ఏప్రిల్ 12న పుట్టింది. తల్లి మోనికా, తండ్రి పాల్, ఇద్దరిదీ డబ్లిన్. 1980లలో ఐర్లండులో పనులు దొరకని కాలం. చదువుకున్నవాళ్లూ, చదువుకోనివాళ్లూ పెట్టె సర్దుకుని దేశం దాటారు. ఈ దంపతులు కూడా అలాగే అమెరికా చేరారు. మొదట్లో సరైన కాగితాలు కూడా లేవు. పాల్ ఇళ్లు కట్టే పనికి వెళ్లాడు, బార్‌లో పనిచేశాడు. మోనికా పరాయి పిల్లలను చూసుకునే ఆయాగా పనిచేసింది. కాగితాలు లేని బతుకంటే ఏమిటో అమెరికాలో ఉన్న మన పిల్లలను అడిగితే చెబుతారు. ఇంటి దగ్గర ఎవరికైనా బాగాలేదంటే వెళ్లడానికి ఉండదు, వెళితే తిరిగి రావడానికి ఉండదు.

ఆ కష్టంలోనే పాల్ నటన నేర్చుకున్నాడు. న్యూయార్క్‌లో నాటకాలు వేశాడు, 'ది డెవిల్స్ ఓన్' సినిమాలో చిన్న వేషం వేశాడు. మోనికా కూడా చిన్నప్పుడు నటించిన మనిషే. సర్షాకు మూడేళ్లు వచ్చేసరికి కుటుంబం తిరిగి ఐర్లండు చేరింది. కార్లో కౌంటీలో ఆర్డాటిన్ అనే పల్లెలో కాపురం. పొలాలూ గొర్రెలూ ఉన్న ఆ ఊళ్లో ఓ ప్రాథమిక పాఠశాల, అందులో ఈ ఒక్కగానొక్క కూతురి చదువు. తర్వాత్తర్వాత ఇంటి దగ్గరా, షూటింగుల దగ్గరా ప్రత్యేకంగా టీచరును పెట్టి చదివించారు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ పిల్లను నటిని చేయాలని తల్లిదండ్రులు వెంటపడలేదు. తండ్రి షూటింగులకు వెళుతుంటే వెంట వెళ్లింది. సెట్టు మీద పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకుంటుంటే పక్కన కూర్చుని విన్నది. ఎవరు ఏ ఊరి మాట ఎలా పలుకుతారో చెవిలో వేసుకుంది. పుట్టింది అమెరికాలో, ఇంట్లో మాట డబ్లిన్ మాట, బడిలో మాట కార్లో పల్లె మాట. మూడు యాసల మధ్య పెరిగిన పిల్లకు చెవి పదునెక్కక ఏం చేస్తుంది! మన దగ్గర కూడా సరిహద్దు ఊళ్లలో పుట్టిన పిల్లలను చూడండి. కర్నూలు మాటా, పాలమూరు మాటా రెండూ ఒకే నోట అవలీలగా పలుకుతారు.

తొలి అడుగు టెలివిజన్‌లో పడింది. మనకు ఆకాశవాణి, దూరదర్శన్ ఎలాగో ఐర్లండుకు ఆర్‌టీఈ అలా, రేడియో టెలివిజన్ రెండూ నడిపే ప్రజా ప్రసార సంస్థ. డబ్లిన్‌లోని ఓ వైద్యశాల చుట్టూ అల్లిన 'ది క్లినిక్' అనే ధారావాహికలో, 2003లో, తొమ్మిదేళ్ల వయసులో ఆమె మొదటిసారి కెమెరా ముందుకు వచ్చింది. ఆ తర్వాత 'ప్రూఫ్' అనే మరో ధారావాహిక. రెండూ చిన్న వేషాలే. సొంత దేశంలో సొంత యాసతో చేసిన ఈ పని దగ్గర కథ ఆగిపోయి ఉంటే మనం ఆమె పేరు విని ఉండేవాళ్లం కాదు.

మొదటి సినిమా 'ఐ కుడ్ నెవర్ బీ యువర్ ఉమన్'. మిషెల్ ఫైఫర్ కూతురిగా, అమెరికా పిల్లగా నటించింది. 2005లో చిత్రీకరించిన ఆ సినిమా డబ్బు చిక్కుల్లో పడి, అమెరికాలో థియేటర్లకు రాకుండానే డీవీడీగా బయటికొచ్చింది. ఆ సినిమా గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లోనే హ్యారీ పాటర్ సినిమాలో లూనా లవ్‌గుడ్ పాత్రకు పిల్లల కోసం వెతుకుతున్నారు. సర్షా కూడా పరీక్షకు వెళ్లింది. ఆ పాత్ర కోసం లండన్‌లో పెట్టిన ఎంపికకు దాదాపు 15,000 మంది ఆడపిల్లలు వరసలో నిలబడ్డారు. పాత్ర దక్కింది ఇవానా లించ్ అనే అమ్మాయికి, ఆ అమ్మాయిదీ ఐర్లండే, లౌత్ కౌంటీ. లూనాగా ఇవానాను చూసినవాళ్లెవరూ మరొకరిని ఊహించుకోలేరు. ఎంపిక చేసినవాళ్లు తప్పు చేయలేదు. ఆ వేషం దక్కి ఉంటే సర్షా కొన్నేళ్లపాటు ఆ మాంత్రికుల బడిలోనే ఉండిపోయేది. దక్కలేదు కాబట్టే ఆ 2006 వేసవికి ఆమె ఖాళీగా ఉంది.

ఆ వేసవిలో మొదలైన సినిమా 'అటోన్‌మెంట్'.

ఇయాన్ మెకెవన్ 2001లో రాసిన నవల అది. 1935లో, ఇంగ్లండులో ఓ సంపన్నుల ఇంట్లో, ఎండ మండిపోతున్న ఒక్క రోజున కథ మొదలవుతుంది. పదమూడేళ్ల బ్రయొనీ టాలిస్‌కు రాయడమంటే ప్రాణం. తన అక్కకూ, పనిమనిషి కొడుకు రాబీకీ మధ్య నడుస్తున్న ప్రేమను కిటికీలోంచి సగం చూస్తుంది. సగం చూసినదాన్ని తన ఊహతో పూర్తి చేసుకుంటుంది. ఆ రాత్రి ఇంట్లో ఘోరం జరిగితే, చేసింది రాబీయేనని పోలీసులకు చెబుతుంది. ఆ ఒక్క మాటతో ఇద్దరి జీవితాలు కూలిపోతాయి. మిగతా సినిమా అంతా ఆ మాటకు పడిన శిక్ష.

దర్శకుడు జో రైట్ ఈ పాత్రకు చాలామందిని చూశాడు. ఐర్లండు నుంచి ఓ టేపు వచ్చింది. అందులో ఓ పిల్ల పాతకాలపు ఇంగ్లీషు జమీందారీ ఇళ్ల యాసను పొల్లుపోకుండా పలుకుతోంది. తీరా ఆ పిల్ల ఎదుట కూర్చుని నోరు విప్పితే చిక్కటి ఐరిష్ యాస. ఆయన ఆశ్చర్యపోయాడు, వెంటనే తీసుకున్నాడు. పన్నెండేళ్ల పిల్ల తనది కాని కాలాన్నీ, తనది కాని వర్గాన్నీ, తన పూర్వీకులను ఏలిన జాతి మాటనీ గొంతులోకి తెచ్చుకుంది. అదంతా చెవితో చేసిన పని.

'అటోన్‌మెంట్' మొదటి దృశ్యం ఒక్కసారి గుర్తు చేసుకోండి, చూడనివాళ్లు ఊహించుకోండి. టైప్‌రైటర్ చప్పుడుతో మొదలవుతుంది. టకటకటక. నేల మీద బొమ్మ ఇల్లు, దాని పక్కన బొమ్మ జంతువులు సైన్యంలా బారులు తీరి ఉంటాయి. చివరన బల్ల దగ్గర వీపు నిటారుగా పెట్టి కూర్చున్న పిల్ల. నాటకం రాయడం పూర్తవుతుంది. కాగితాలు పట్టుకుని లేస్తుంది, నడక మొదలుపెడుతుంది. ఆ నడకే ఆ పాత్ర. చేతులు బిగించి, గీత గీసినట్టు తిన్నగా నడుస్తుంది. మూల వచ్చినప్పుడు సిపాయిలా టక్కున మలుపు తిరుగుతుంది. వెనక సంగీతంలో టైప్‌రైటర్ చప్పుడు ఆమె అడుగులతో కలిసిపోతుంది. ఒక్క మాట పలకకముందే ఈ పిల్ల లోకమంతా తాను పెట్టిన వరసలోనే ఉండాలనుకునే మనిషని తెలిసిపోతుంది. ఆ సంగీతానికి డారియో మారియనెల్లికి ఆస్కార్ వచ్చింది. ఆ అడుగులు లేకపోతే ఆ సంగీతం అంతగా పట్టు చిక్కించుకునేది కాదని నా నమ్మకం.

ఇక పోలీసులకు సాక్ష్యం చెప్పే దృశ్యం. బాలతారల నుంచి మనం అలవాటుగా ఆశించేది ముద్దుమాటలు, కన్నీళ్లు. ఇక్కడ అవేవీ లేవు. ఆ నీలికళ్లలో ఓ మొండి నిశ్చయం, దాని అడుగున తనకే తెలియని భయం. అబద్ధమని తెలిసి చెబుతోందా, నిజమని నమ్మి చెబుతోందా అనేది ప్రేక్షకుడు తేల్చుకోలేడు. ఆ సందేహం మీదే సినిమా అంతా నిలబడింది. ప్రేక్షకులు అసహ్యించుకోవలసిన పాత్రను ఓ పసిపిల్ల చేతికి ఇచ్చి, ఆమెను ముద్దుగా చూపించే ప్రయత్నం చేయని దర్శకుణ్ణి మెచ్చుకోవాలి. ప్రేక్షకులు తనను ఇష్టపడాలని ఒక్క క్షణం కూడా ఆరాటపడని ఆ పిల్లను అంతకంటే ఎక్కువ మెచ్చుకోవాలి.

ఈ సినిమాలో బ్రయొనీ పాత్రను ముగ్గురు వేశారు. పదమూడేళ్ల వయసుకు సర్షా, పద్దెనిమిదేళ్ల వయసుకు రొమోలా గరాయ్, ముసలితనానికి వెనెసా రెడ్‌గ్రేవ్. రొమోలా గరాయ్ అప్పటికే పేరున్న నటి. ఆమె సర్షాతో గడిపి, సర్షా కదలికలున్న ఫుటేజ్ చూసి, ఆ పిల్ల నడకనూ తీరునూ నేర్చుకుంది. పెద్ద నటి చిన్న పిల్లను అనుసరించడం! మన సినిమాల్లో చిన్నప్పటి వేషం వేసేవాళ్లకు పెద్ద హీరోను అనుకరించమని చెబుతారు. ఇక్కడ వరస తిరగబడింది.

2007 వెనిస్ చిత్రోత్సవం ఈ సినిమాతోనే మొదలైంది. ఆస్కార్‌కు 7 నామినేషన్లు వచ్చాయి. కైరా నైట్‌లీ, జేమ్స్ మెకవాయ్ ఆ సినిమాలో నాయికా నాయకులు. ఇద్దరికీ రాని నటన నామినేషన్ ఈ పిల్లకు వచ్చింది, ఉత్తమ సహాయ నటిగా. 2008 ఫిబ్రవరిలో జరిగిన వేడుకలో ఆ బహుమతి టిల్డా స్విన్టన్‌కు వెళ్లింది. అప్పటికి సర్షాకు ఇంకా పద్నాలుగు నిండలేదు.

ఇలాంటి చోటనే పిల్లల బతుకులు గాడి తప్పుతాయి. చిన్నతనంలో వచ్చిన పేరు పెద్దయ్యాక పనికిరాకుండా పోయిన నటులు హాలీవుడ్‌లో లెక్కలేనంతమంది. మన దగ్గర 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా తెలుగునాడంతా మెప్పించిన రోజారమణి పెద్దయ్యాక నాయికగా నటించినా, ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఎందరో కథానాయికలకు గొంతు అరువిచ్చారు. ముఖం మారిపోయినా గొంతు మిగిలింది. సర్షా విషయంలో ఇంటివాళ్లు గట్టిగా కాపలా కాశారు. తల్లి ప్రతి షూటింగుకూ వెంట వెళ్లేది. హాలీవుడ్‌కు మకాం మార్చలేదు, ఐర్లండులోనే ఉన్నారు. పని అయిపోతే ఇల్లు, చదువు.

ఆ కాపలా ఎలాంటిదో 'ది లవ్‌లీ బోన్స్' నాడు తెలిసింది. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' తీసిన పీటర్ జాక్సన్ దర్శకుడు, ఆలిస్ సీబోల్డ్ నవల ఆధారం. కథలో పద్నాలుగేళ్ల సూజీ సామన్‌ను పక్కింటి మనిషి చంపేస్తాడు. చనిపోయిన ఆ పిల్లే పైలోకం నుంచి తన ఇంటిని చూస్తూ కథ చెబుతుంది. ప్రపంచమంతా పేరున్న దర్శకుడు పిలిచాడు కదా అని తల్లిదండ్రులు ఎగిరి గంతేయలేదు. ఇలాంటి కథలో మా పిల్ల చేయవచ్చా అని వెనకాడారు. జాక్సన్‌తో స్వయంగా కూర్చుని మాట్లాడాకే ఒప్పుకున్నారు. సినిమాలో హత్యను తెర మీద చూపించలేదు. 2009లో విడుదలైంది. పైలోకపు దృశ్యాల రంగుల హంగామా నాకు నచ్చలేదు, కథలోని దుఃఖాన్ని ఆ రంగులు కమ్మేశాయి. కానీ సినిమా పొడుగునా కథ చెప్పే ఆ గొంతు ఉంది చూడండి, అదే దాన్ని నిలబెట్టింది. 1970లనాటి పెన్సిల్వేనియా అమ్మాయి గొంతు. ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు. తాను ఇక లేనన్న సంగతిని బడి సంగతి చెప్పినంత మామూలుగా చెబుతుంది. వింటున్న మనకు గుండె బరువెక్కుతుంది. బ్రిటిష్ అకాడమీ ఆమెను ఉత్తమ నటి విభాగంలోనే నామినేట్ చేసింది, బాలతార అని పక్కన పెట్టలేదు.

ఈ మధ్యలో వచ్చిన మిగతావి త్వరగా చెప్పుకుని వెళ్లిపోదాం. 'డెత్ డిఫైయింగ్ యాక్ట్స్'లో కేథరిన్ జీటా జోన్స్ కూతురిగా స్కాట్లండు పిల్ల. 'సిటీ ఆఫ్ ఎంబర్'లో నేల అడుగున ఉన్న నగరంలో దీపాలు ఆరిపోతుంటే దారి వెతికే పిల్ల. టైటానిక్ ఓడను కట్టిన బెల్‌ఫాస్ట్ నౌకా కార్ఖానా ఆవరణలోని పెయింట్ హాల్‌లో ఆ నగరాన్ని సెట్టుగా వేశారు. సెట్టు గొప్పది, సినిమా ఆడలేదు.

2010లో పీటర్ వీర్ తీసిన 'ది వే బ్యాక్' మాత్రం ఒక్క నిమిషం ఆగవలసిన సినిమా. సైబీరియా ఖైదీల శిబిరం నుంచి తప్పించుకున్నవాళ్లు మంచులో, ఎడారిలో వేల మైళ్లు నడిచి, హిమాలయాలు దాటి చివరికి ఇండియా చేరతారు. దారిలో వాళ్లతో కలిసే పోలండు అమ్మాయి ఐరీనాగా సర్షా నటించింది. ఆ మగవాళ్లు ఒకరి గురించి ఒకరు ఏమీ అడగరు. ఐరీనా ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, వాళ్ల కథలు వింటూ, ఒకరి సంగతి ఒకరికి చేరవేస్తుంది. ఎడారిలో ఆమె చనిపోయాక ఆ గుంపులోని మౌనం మన మీద కూడా పడుతుంది. ఇండియా నేలను వాళ్లు చేరుకునేసరికి ఆమె లేదు.

తర్వాత 'హానా'. 2011లో విడుదలైంది. మళ్లీ జో రైట్ దర్శకుడు. ఈసారి దర్శకుణ్ణి సూచించింది ఈ అమ్మాయే! సినిమాకు ముందుగా ఒప్పుకున్నది ఆమె, జో రైట్‌ను తీసుకోండని నిర్మాతలకు చెప్పిందీ ఆమే. పన్నెండేళ్ల వయసులో తనను ఎంచుకున్న దర్శకుణ్ణి పదహారో ఏడు దగ్గరపడుతుండగా తాను ఎంచుకుంది. ఫిన్లండు మంచు అడవుల్లో తండ్రి దగ్గర పోరాటం తప్ప మరేమీ తెలియకుండా పెరిగిన పిల్ల హానా. మొదటి దృశ్యంలోనే మంచు మీద జింకను వేటాడుతుంది. ఈ పాత్ర కోసం సర్షా పోరాట విద్యలు నేర్చుకుంది. ఈసారి జర్మన్ ఛాయ ఉన్న యాస. పాటంటే ఏమిటో పుస్తకంలో చదవడమే తప్ప వినని పిల్ల, మొదటిసారి సంగీతం విన్నప్పుడు ముఖం ఎలా ఉంటుంది? విద్యుద్దీపం వెలగడం మొదటిసారి చూస్తే ఎలా ఉంటుంది? కొట్లాటల కంటే ఆ ముఖం కోసం ఆ సినిమా చూడాలి.

అదే ఏడాది ఆమె కేవలం గొంతుతో చేసిన పని ఒకటుంది. రేడియో శ్రోతలకు అది చెప్పకుండా ఎలా ఉంటాను? జపాన్‌లో జిబ్లీ స్టూడియో తీసిన 'అరియెట్టి' బొమ్మల సినిమాకు బ్రిటన్‌లో ఇంగ్లీషు డబ్బింగ్ చెప్పారు. నేల పలకల కింద బతికే అరచేతిలో పట్టేంత మనిషి అరియెట్టికి గొంతు సర్షాది. ఆమెతో మాట్లాడే జబ్బు కుర్రాడికి గొంతు టామ్ హాలండ్‌ది, తర్వాత స్పైడర్‌మ్యాన్ అయిన కుర్రాడే. ఇద్దరూ అప్పటికి పిల్లలే.

ఆ తర్వాత రెండు మూడేళ్లు ఆమెకు కాస్త ఎదురుగాలి. బాలనటి అనే పేరు వదిలి పెద్దనటి కావలసిన వయసు. ఐరిష్ దర్శకుడు నీల్ జోర్డన్ తీసిన 'బైజాంటియమ్' నాకు ఇష్టమే. ఎక్కువ ఆశలు పెట్టుకున్న 'ది హోస్ట్' మాత్రం 2013లో వచ్చి చతికిలబడింది. ఒకే శరీరంలో రెండు ఆత్మలను పలికించాలని ఆమె పడిన కష్టం అంతా నీరుగారిపోయింది. కథలో బలం లేనప్పుడు ఎంత మంచి నటి అయినా ఏం చేస్తుంది!

2014లో వెస్ ఆండర్సన్ 'ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్'లో మిఠాయి దుకాణంలో పనిచేసే అగాథా వేషం. చెంప మీద మెక్సికో దేశపటంలా పుట్టుమచ్చ. పాత్ర చిన్నదే. కానీ ఇక్కడ ఓ విశేషం జరిగింది. ఆ కథ మధ్య యూరప్‌లోని ఓ ఊహా దేశంలో నడుస్తుంది. ఎవరి యాసలో వాళ్లు మాట్లాడండని దర్శకుడు వదిలేశాడు. పెద్ద సినిమాలో, ఏళ్ల తరబడి అరువు యాసల తర్వాత, ఆమె సొంత ఐరిష్ యాస వినిపించింది. అదీ ఐర్లండుతో ఏ సంబంధమూ లేని కథలో!

ఆ వెంటనే వచ్చింది 'బ్రూక్లిన్'.

కొల్మ్ తోబిన్ 2009లో రాసిన నవల. జాన్ క్రౌలీ దర్శకుడు, సినిమా రచన నిక్ హార్న్‌బీ. 1950లలో వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని ఎనిస్కార్తీ అనే చిన్న పట్టణం. అక్కడ పని దొరకని ఐలిష్ లేసీ అనే అమ్మాయి తల్లినీ అక్కనూ వదిలి ఓడెక్కి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వెళుతుంది. ఓడలో వాంతులు, కొత్త ఊళ్లో బట్టల దుకాణంలో ఉద్యోగం, హాస్టల్ లాంటి ఇంట్లో గది. అక్క ఉత్తరం వస్తే చదవలేక కూలబడిపోవడం. తర్వాత ఇటాలియన్ కుర్రాడు టోనీతో ప్రేమ, న్యూయార్క్ సిటీ హాల్‌లో రిజిస్టర్ పెళ్లి.

సర్షా తల్లిదండ్రులు కూడా పని వెతుక్కుంటూ న్యూయార్క్ వెళ్లినవాళ్లే అని ఇందాక చెప్పాను. వాళ్ల పెళ్లి కూడా న్యూయార్క్ సిటీ హాల్‌లోనే జరిగింది. తాను పుట్టకముందు తన తల్లి నడిచిన దారిలో కూతురు కెమెరా ముందు నడిచింది. చిత్రీకరణ నాటికి సర్షా ఇల్లు వదిలి లండన్‌లో ఒంటరిగా ఉండటం మొదలుపెట్టింది. ఇంటి మీద బెంగ అంటే ఏమిటో అప్పుడే కొత్తగా తెలిసిన పిల్ల. 2014 ఏప్రిల్‌లో, ఆమెకు ఇరవై నిండిన నెలలో, షూటింగు ఐర్లండులో జరుగుతోంది. ఎనిస్కార్తీ ఉన్న వెక్స్‌ఫర్డ్ కౌంటీ, ఆమె పెరిగిన కార్లో కౌంటీ ఇరుగుపొరుగులు. పొరుగు ఊరి అమ్మాయి వేషం పొరుగు ఊరి అమ్మాయికి దక్కింది.

ఆ సినిమాలో ఓ దృశ్యం నాకు మిగతా అన్నిటికంటే ఇష్టం. క్రిస్మస్ రోజు చర్చి హాల్లో దిక్కులేని ఐరిష్ ముసలివాళ్లకు భోజనం పెడుతుంటారు. వంతెనలూ సొరంగాలూ కట్టిన కూలీలు వాళ్లు. ఇంటికి వెళ్లలేకపోయారు, వెళ్లడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. ఐలిష్ వడ్డిస్తూ ఉంటుంది. భోజనాలయ్యాక వాళ్లలో ఒకాయన లేచి, ఏ వాయిద్యమూ లేకుండా, ఐరిష్ భాషలో ఓ పాత పాట అందుకుంటాడు. కెమెరా ఆమె ముఖం మీద నిలుస్తుంది. ఆమె ఏమీ మాట్లాడదు. వింటుంది అంతే. తన పేరు ఏ భాషలోదో ఆ భాషలో పాట వింటున్న ఐరిష్ నటి ముఖం అది. పన్నెండేళ్ల వయసులో ఇంగ్లీషు దొరసాని పిల్ల మాటను చెవితో పట్టుకున్న అమ్మాయి, ఇక్కడ తన సొంత ఇంటి గొంతును వింటోంది. మన ఊళ్లలో కొడుకో కూతురో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లెన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలోని వాళ్లకు ఈ దృశ్యాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

2015 జనవరిలో సండాన్స్ చిత్రోత్సవంలో ఆ సినిమాను మొదట చూపించారు. ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి, ఉత్తమ స్క్రీన్‌ప్లే విభాగాల్లో నామినేట్ అయింది. ఈసారి సర్షా సహాయ నటి కాదు, నాయిక. బహుమతి 'రూమ్' సినిమాకు బ్రీ లార్సన్‌కు వెళ్లింది. ఆ సినిమా దర్శకుడు లెనీ అబ్రహామ్సన్‌దీ, దాని నవలా రచయిత్రి ఎమా డోనహ్యూదీ కూడా ఐర్లండే కావడం ఓ విశేషం. ఆ ఏడాది ఆ చిన్న దేశం ఆస్కార్ వేదిక మీద రెండు వైపులా ఉంది.

ఆ తర్వాత 'లేడీ బర్డ్', 'లిటిల్ ఉమెన్' సినిమాలకు మరో రెండు నామినేషన్లు వచ్చాయి. అవి పెద్దయ్యాక నడిచిన దారి, మరో ప్రసంగానికి సరిపడే సంగతులు. ఆ రెండింటిలోనూ ఆమె మళ్లీ అమెరికా అమ్మాయే. కానీ ఇప్పుడు అరువు తెచ్చుకోవడంలో లోటేమీ లేదు. సొంతది ఏమిటో ఆమె అప్పటికే లోకానికి వినిపించేసింది.

శ్రోతలకు నా మనవి ఒక్కటే. వీలు చూసుకుని ఆమె సినిమాలు రెండు చూడండి, ముందు 'అటోన్‌మెంట్', తర్వాత 'బ్రూక్లిన్', ఈ వరసలోనే. ఒక్కోదాంట్లో ఓ ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని ఆ గొంతును మాత్రమే వినండి. రెండింటికీ మధ్య ఎనిమిదేళ్లు. ఇద్దరు వేరు వేరు అమ్మాయిలు మాట్లాడుతున్నట్టు ఉంటుంది. రెండోది ఆమె గొంతు.